కాలువ వంతెన దిగిన బస్సు

పోయిన నెలలో తడ దగ్గరి ఒక పెద్ద కర్మాగారం నుంచి ఇద్దరు యువ ఇంజనీర్లు మా ఇంటికి వచ్చి, ఒక చిత్తుప్రతిని నా చేతిలో పెట్టారు. కార్లకూ లారీలకూ బ్రేకు లైనింగులు తయారుచేసే ఆ సంస్థ తన చరిత్రను పుస్తకంగా అచ్చు వేయించుకుంటున్నది. ఆ చరిత్ర తొలి అధ్యాయంలో మా నాయన దేవసహాయం ఉన్నాడు. విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఆయన వేసిన తాటాకు షెడ్డు ఉన్నది. ఆ షెడ్డు కాలక్రమాన రేకుల షెడ్డయి, కంపెనీ అయి, చేతులు మారి, చివరికి ఈ పెద్ద సంస్థలో కలిసిపోయింది. "తప్పులేమైనా ఉంటే గుర్తుపెట్టండి మేడమ్" అని వాళ్ళు మర్యాదగా అడిగారు. జీవితమంతా విద్యార్థుల ప్రయోగశాల రికార్డులు దిద్దిన మనిషితో అనకూడని మాట అది.

మొదటి పుటలోనే రెండు చోట్ల ఎర్రగీత పడింది. జాలరులు పడవకు జీడినూనె పూస్తుండగా చూసి మా నాయన ఆ క్షణంలోనే బ్రేకు లైనింగు రహస్యం కనిపెట్టాడన్నది ఒక వాక్యం. ఆయన లైనింగు తొలి ప్రయత్నంలోనే బస్సును రోడ్డు మీద పరీక్షకు గీసిన గీత దగ్గర ఆపిందన్నది మరొకటి. మొదటిది నిజమో కాదో నాకు తెలియదు. ఆ కథను మా నాయన నోటనే మూడు రకాలుగా విన్నాను: ఒకసారి పడవ, ఒకసారి వేడి సైలెన్సరు గొట్టం మీద ఒలికి గట్టిపడిన నూనె, ఇంకొకసారి చర్చిలో ప్రసంగం సాగుతుండగా తట్టిన ఆలోచన. మూడింటిలో ఏదీ నేను కళ్ళారా చూడలేదు. రెండో వాక్యం మాత్రం తప్పు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, చేతిలో కొలత టేపు పట్టుకుని.

నేను నెల్లూరులో బీఎస్సీ పూర్తిచేసి, కాలేజీలో డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కాలమది. విదేశాల నుంచి వచ్చే బ్రేకు లైనింగులు దొరకడం కష్టమైపోయి, బస్సులు షెడ్లలో నిలిచిపోతుండేవి. అరిగిన లైనింగుతోనే తిరిగే బస్సులు కూడా ఉండేవి. వాటిలో ఎక్కేవాళ్ళు తమ తమ దేవుళ్ళను తలుచుకునేవారు. మా నాయన అంతకు ముందు పెంచలరెడ్డిగారి బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆ ఉద్యోగం వదిలి, లైనింగులు మనమే ఎందుకు చేసుకోకూడదని ఈ పనికి దిగాడు. అమ్మ దీన్ని పని అనేది కాదు, "మీ నాయన వంట" అనేది. నిజానికి అది వంటే. జీడిగింజల పెంకుల నుంచి తీసిన నల్లటి నూనెను ఇనుప కళాయిలో కాచి పాకం పట్టేవాడు. తూర్పుగాలి లేచిన పూట ఆ కమురు వాసన మా వంటింటిదాకా వచ్చి, అన్నంలోకీ మజ్జిగలోకీ దూరేది. షెడ్డు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే బావి దగ్గర స్నానం చేయనిదే గడప దాటరాదని అమ్మ శాసనం. ఒకసారి పాస్టరుగారు షెడ్డు చూసి నేరుగా ఇంటికి వస్తే, ఆయనకు కూడా అమ్మ చేద, తువ్వాలు చూపించింది.

ఆ పాకం ఇంకే పట్టీని అల్లేది పక్క జాలరి పల్లె ఆడవాళ్ళు. వలలు అల్లడంలో, తాళ్ళు పేనడంలో ఆరితేరిన పదకొండు మంది. వాళ్ళకు పెద్దదిక్కు చెంగమ్మ. మద్రాసు నుంచి వచ్చే రాతినార (ఆస్‌బెస్టాస్) దారాన్నీ సన్నటి ఇత్తడి తీగనూ కలిపి, నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీగా అల్లేవారు. దాన్ని పాకంలో నానబెట్టి, ఇటుక పొయ్యిలో కాల్చి, ముక్కలుగా కోసి, రాగి రివెట్లతో బ్రేకు షూకు బిగించడం మా నాయన పని. బ్రేకు తొక్కినప్పుడు చక్రం డ్రమ్ముకు లోపలి నుంచి ఒరుసుకుని బండిని ఆపేది ఈ ముక్కే. బస్సులో ఉన్న అందరి ప్రాణాలూ దాని గరుకుదనం మీద ఆధారపడి ఉంటాయి.

మా నాయనకు ఒక అలవాటు ఉండేది. కాలిన ప్రతి ముక్కనూ చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టేవాడు. మంచిదో కాదో శబ్దమే చెబుతుందని ఆయన నమ్మకం. నేను ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి, మంచివీ చెడ్డవీ పది ముక్కలు కలిపి ఇచ్చాను. ఆరు సరిగ్గా చెప్పాడు. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయని నేనంటే, "ఆ నాలుగూ నువ్వు తిప్పి పట్టుకున్యావు" అన్నాడు. ఆ తర్వాత కూడా తట్టడం మానలేదు. నేను నవ్వడమూ మానలేదు. కానీ నా పరీక్షలకు అడ్డు చెప్పిన రోజు కూడా ఒక్కటీ లేదు.

పెంచలరెడ్డిగారు చాలా రోజులు తప్పించుకుని, చివరికి ఒక మాట ఇచ్చాడు. "ఒక్క బండి ఇస్తా దేవసహాయం. కాలువ వంతెన దిగి, గీత దాటకుండా ఆగిందా, నా బళ్ళన్నిటికీ నువ్వే చెయ్యి. ఆగలేదా, ఈ తాళ్ళ యాపారం మూసేసి మళ్ళా నా షెడ్డుకు వచ్చెయ్." మా నాయన ఒప్పుకున్నాడు. షెడ్డు మూతపడితే ఆయనకు పాత ఉద్యోగమైనా ఉన్నది. ఆ పదకొండు మందికి అదీ లేదు.

మా ప్రాంతం అరచేయిలా చదునుగా ఉంటుంది. బస్సు దిగవలసిన వాలు అంటూ ఉన్నది బకింగ్‌హాం కాలువ మీది వంతెన ఒక్కటే. వంతెన దిగిన చోట, డ్రైవరు మస్తాన్ బ్రేకు తొక్కవలసిన జాగాలో ఒక కొయ్య పాతి, దానికి కొంత దూరంలో రోడ్డుకు అడ్డంగా ముగ్గుపిండితో గీత గీశాను. అన్నీ సిద్ధమయ్యాక మస్తాన్ ఒక మెలిక పెట్టాడు.

"చేసినోళ్ళు నా పక్కన కూర్చుంటేనే తోల్తా రెడ్డిగారూ. పడవ చేసిన వడ్రంగి తొలిసారి దాంట్లో ఎక్కి సముద్రంలోకి పోడా? ఇదీ అట్నే."

మా నాయన వెంటనే ఎక్కాడు. బస్సు వంతెన ఎక్కింది, దిగింది, కొయ్య దగ్గర మస్తాన్ బలమంతా పెట్టి తొక్కడం నాకు కనిపించింది. బస్సు మాత్రం పెళ్ళివారింటికి పోతున్నట్టు తీరిగ్గా గీత దాటి, మలుపులో రోడ్డు దిగి, ఉప్పుపర్ర చవిటినేల బురదలో ముందు చక్రాలు కూరుకుపోగా నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మోకాళ్ళదాకా బురదతో మా నాయన దిగి వచ్చాడు. గీతకు అవతల ముప్పై రెండు అడుగులని నేను కొలిచి చెప్పాను. ఆ సమయంలో ఆ అంకె ఎవరికీ అక్కర్లేదని తర్వాత తెలిసింది.

పెంచలరెడ్డిగారు గడ్డం గోక్కుంటూ, "బండి ఆగింది, కాదనను. ఆపింది నీ లైనింగా, మా ఊరి బురదా అనేది తేలాల" అన్నాడు.

"బురదనే రివెట్లు కొట్టి బిగించమనండి రెడ్డిగారూ, ఖర్చు తక్కువ" అన్నాడు మస్తాన్, చొక్కాతో మొహం తుడుచుకుంటూ.

అందరూ నవ్వారు, మా నాయన తప్ప. రెడ్డిగారు వెళ్ళబోతూ ఆయన భుజం మీద చేయి వేసి, "వచ్చే బేస్తవారం ఇంకొకసారి చూస్తా. అదే ఆఖరు" అన్నాడు.

చక్రం విప్పి చూస్తే లైనింగు ముఖం నూనె పట్టిన చెక్కలా నిగనిగలాడుతున్నది. నూనె ఎక్కడిదన్నదే ప్రశ్న. జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసేవాళ్ళు ముందుగా చేతులకు ఆముదం రాసుకుంటారని ఎక్కడో చదివి ఉన్నాను. ఇక తీర్పు చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, చేతులకు ఆముదం రాసుకుని పట్టీ ముట్టుకున్నది ఎవరని అడిగాను.

చెంగమ్మ తన రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. అవి తెల్లగా ఉన్నాయి. "చూడు సుగుణమ్మా, బాగా చూడు. మేం రాసుకునేది బూడిద. ఆమదం రాసుకుంటే తాడు జారిపోతాది, అల్లేదెట్ట? అడిగినావా ఎప్పుడన్నా?"

అడగలేదు. ఏడాదిగా రోజూ వాళ్ళ చేతుల పక్కనే తిరుగుతూ కూడా నేను వాటిని చూడలేదు.

సిగ్గుపడి పరీక్షకు దిగాను. నా పరికరం ఒక ఇనుప పలక. దాని మీద లైనింగు ముక్క పెట్టి, పైన బరువు ఉంచి, పలకను మెల్లగా వాలుస్తూ, ముక్క జారడం మొదలైన కోణాన్ని కొలవడమే. ఎంత ఎక్కువ వాల్చాక జారితే అంత గరుకు. అదే కాలుపులో మిగిలిన ముక్కలన్నీ చక్కగా నిలిచాయి. బస్సు నుంచి విప్పినవి మాత్రం పలక కొంచెం వంచగానే జారాయి. అంటే పాకం తప్పు కాదు, అల్లిక తప్పు కాదు, కాలుపు తప్పు కాదు. పొయ్యి నుంచి బయటికి వచ్చాక, చక్రంలోకి పోయేలోపు ఏదో జరిగింది. ఇరుసు నుంచి గ్రీజు కారిందేమోనని చూశాను, లేదు. రివెట్ల గుంటల్లో మాత్రం పసుపుపచ్చటి మరక ఉన్నది. ఇత్తడి తీగ అరిగి రాలిన పొడి అని నోటుపుస్తకంలో రాసి, ఆ సంగతి అంతటితో వదిలేశాను.

మంగళవారం మధ్యాహ్నం చెంగమ్మ తాంబూలం వేసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ ముక్కను తిప్పి చూసింది.

"ఇదేందమ్మా, పచ్చగా?"

"ఇత్తడి పొడి."

"చూసినావా?"

"చూడలేదు. అయ్యుంటుంది."

"మమ్మల్నేమో అనుకోబాకండి, చూడండి అని రోజూ పోరతావే!" అంటూ సున్నం డబ్బీలో వేలు ముంచి, ఆ మరక మీద రుద్దింది. మరక ఎర్రబడింది. ఇత్తడి సున్నానికి ఎర్రబడదు. పసుపు ఎర్రబడుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి బీఎస్సీ అక్కర్లేదు. పారాణి కలిపిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ తెలివి ఇంట్లో వదిలి షెడ్డుకు వచ్చేదాన్ని.

అల్లుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. చెంగమ్మ కింద కూలబడి, తల వంచుకునే చెప్పింది. "తొలి జత గదమ్మా. వలైనా పడవైనా తొలిసారి నీళ్ళల్లోకి పొయ్యేముందు నూనె, పసుపు పెట్టందే పంపం. మీ నాయన ప్రార్థన చేసినాడు, మంచిదే. ఆయన దేవుడికి ఆయన చెప్పుకున్యాడు. మా తల్లికి ఎవురు చెప్పాల? అందుకని బండికి బిగించే ముందు తలా ఒక వేలు పెట్టినాం. నువ్వులనూనే. మంచి నూనె."

"ఎంత పెట్టారు?"

"మనసుకు తగ్గట్టు."

పదకొండు మనసులకు తగ్గ నూనె! అదీ లోహానికి ఒరుసుకునే వైపు, అది ముఖం కాబట్టి. కాలిన ముక్క ఆ నూనెను హాయిగా తాగింది. ఈ తప్పు మరే కర్మాగారంలోనూ జరిగి ఉండదని నేను రుజువు చేయలేను, జరిగిందని వినలేదు.

షెడ్డు మూతపడుతుందని తెలిసీ ఆ తప్పును తన వేలితోనే బయటపెట్టిన మనిషి పక్కన నేనూ కింద కూర్చున్నాను. ఈలోగా వెనక నిలబడి అంతా విన్న మా నాయన రివెట్ల పెట్టె మీద కూర్చుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. "ఇంతేనా చెంగమ్మా! పాకం తప్పిందేమోనని నాకు మూడు దినాలుగా ముద్ద దిగలా. చల్లటి మాట చెప్పినావు తల్లీ!"

ఆ నవ్వు వినగానే చెంగమ్మకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే నా మీదికి తిరిగింది. "నూనె తప్పే, ఒప్పుకుంటా. పసుపు కూడా తప్పేనా? అదీ చూడు మరి."

న్యాయమైన కోరిక. నీళ్ళలో కలిపిన పసుపు రాసి, ఆరబెట్టి, పలక మీద చూశాను. కొలతకు అందిన తేడా ఏదీ కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు నోటుపుస్తకంలో రాసి, పైకి చదివాను. పదకొండు మంది విజయగర్వంతో నన్ను చూశారు. అయితే ఈ పరీక్ష చల్లటి పలక మీద జరిగిందనీ, వేడెక్కిన డ్రమ్ములో ఎలా ఉంటుందో తెలియదనీ కూడా చెప్పాను. చాలాసేపు వాదులాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం: పసుపు, నూనె బండి ముఖానికి పెట్టాలి, లైనింగు ముఖం జోలికి పోరాదు. చక్రానికి బిగించేదాకా లైనింగు పెట్టె తాళం చెవి చెంగమ్మ కొంగునే ఉండాలన్నది మా నాయన తీర్పు. తప్పు చేసినవాళ్ళకే కాపలా అప్పగిస్తారా అని నేనడిగితే, "ఇక ఆ తప్పు జరక్కుండా చూడగలిగేది ఆమొక్కటే గదా" అన్నాడు. ఆ వాదనలో లోపం ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

తడ కర్మాగారంలో మొన్న నాకు పరీక్షాశాల చూపించారు. అద్దాల గదిలో డ్రమ్ము తిరుగుతుంటే యంత్రమే బ్రేకు నొక్కుతుంది, వేడెక్కిస్తుంది, నీళ్ళు చల్లుతుంది, గీతలు గీసి చూపిస్తుంది. నూనె చుక్కలు కావాలని వేసి చూసే పరీక్ష కూడా ఉన్నదని ఒక అమ్మాయి ఉత్సాహంగా వివరించింది. మేము పొరపాటున చేసినదానికి ఇప్పుడు ఒక గది, ఒక యంత్రం, ఒక జీతగాడు ఉన్నారు. అది మెరుగే. అన్నిటికంటే పెద్ద మెరుగు రాతినారను పూర్తిగా మానేయడం. ఆ నార దుమ్ము ఊపిరితిత్తులను ఎంత పాడుచేస్తుందో మా షెడ్డులో ఎవరికీ తెలియదు. పొడి దారం వేళ్ళను కోస్తుందని ఆడవాళ్ళు దాన్ని తడిపి అల్లేవారు. దానివల్ల దుమ్ము కొంత తగ్గి ఉండవచ్చు. ఈ చరిత్ర రాసినవాళ్ళు దాన్ని మా నాయన ముందుచూపుగా వర్ణించారు. అక్కడా ఎర్రగీత గీశాను. ముందుచూపు కాదు, వేళ్ళ నొప్పి. ఆ పదకొండు మందిలో తర్వాత దగ్గుతో బాధపడినవారు ఎందరో నేను లెక్క తీయలేదు, తీసి ఉండవలసింది. ఆ రోజులు బంగారమని ఎవరైనా అంటే ఈ కారణంగానే నేను తల ఊపను. నేటి కర్మాగారంలో నాకు కనిపించనిదొకటే: తన చేతి ముక్క ఏ బండికి పోతుందో, ఆ బండిని తోలేది ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే బ్రేకు మరింత బాగా పడుతుందా అంటే, పడదు. మనిషికి మాత్రం తేడా ఉంటుందని నా అనుమానం. దీనికి కొలత నా దగ్గర లేదు.

బేస్తవారం వచ్చింది. కొయ్య అదే, కొత్తగా ముగ్గుపిండి గీత, గట్టు మీద సగం పల్లె. మస్తాన్ స్టీరింగు ముందు కూర్చుని, పక్క సీటు చూపించాడు. మా నాయన మెట్టు మీద కాలు పెట్టేలోపు చెంగమ్మ అడ్డు వచ్చింది.

"ఉండన్నా. చేసినోళ్ళు అంటే మేం గాదా? పోయినసారి బురదలోకి తోసింది మేమే గదా. ఈసారి నేనే ఎక్కతా."

ఆమె అంతవరకు బస్సు ఎక్కి ఎరగదు. చేపల గంపలున్న ఆడవాళ్ళను ఏ కండక్టరూ ఎక్కనిచ్చేవాడు కాదు. విడవలూరు సంతకు నడిచే పోయేవారు. చెంగమ్మ ముందు సీటులో చెక్కబొమ్మలా కూర్చుని, కొంగు బిగించుకుని, "తోలబ్బా, బయంగా ఉంటే కళ్ళు మూసుకో" అంది.

"నేను మూసుకుంటే ఎట్టక్కా!" అంటూ మస్తాన్ బండి కదిలించాడు.

బస్సు వంతెన మీదికి ఎక్కి, ముక్కు వంచి దిగసాగింది. కొయ్య దాటింది. చక్రాలు కీచుమన్నాయి. దుమ్ము లేచింది. దుమ్ము తేలిపోయాక చూస్తే బస్సు గీతకు ఇవతల నిలిచి ఉన్నది. నేను కొలిచాను: తొమ్మిది అడుగులు. ఈసారి అందరూ ఆ అంకెను అడిగి చెప్పించుకున్నారు. మా నాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

చెంగమ్మ దిగి నేరుగా చక్రం దగ్గరికి పోయి, అరచేయి దగ్గరగా పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. "జొరం వచ్చినట్టు కాలతా ఉండాది!"

"బండి పరుగంతా వేడిగా మారింది చెంగమ్మా" అన్నాను.

"అంటే ఆ పరుగునంతా మింగినాది మన పట్టీనేనా?"

"అవును." ఆమె మాట కంటే సరైన వివరణ నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదు.

పెంచలరెడ్డిగారు గీతనూ చక్రాన్నీ మార్చి మార్చి చూసి, "దేవసహాయం, మిగతా బళ్ళు ఒక్కోటిగా పంపిస్తా. మొదలుపెట్టు" అన్నాడు. అప్పుడు మా నాయన కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

చెంగమ్మ కదల్లేదు. "రెడ్డిగారూ, ఇంకో మాట. మేం ఆపే బండిలో మమ్మల్ని గంపల్తో ఎక్కనిస్తారా, లేదా?"

ఆయన నవ్వి, "సరే, ఎనక సీట్లో" అన్నాడు.

"ముందు సీటు రెడ్డిగారూ, చేసినోళ్ళు నా పక్కనే" అన్నాడు మస్తాన్, స్టీరింగు దగ్గర నుంచే.

మరుసటి సంతనాటికి నాలుగు గంపలు ముందు సీట్లకెక్కాయి. ఆ బస్సులో కూర్చుంటే చొక్కాకు పట్టిన చేపల వాసన రెండు ఉతుకులకు గానీ వదలదని నెల్లూరు ప్రయాణికులు గోల పెడుతున్నారని విన్నాను. విన్నమాట రాయడం నాకు ఇష్టం లేక, ఉతికిన చీర కట్టుకుని విడవలూరు దాకా ఎక్కి చూశాను. మూడు ఉతుకులు పట్టింది.